కస్టమర్ గరమైతే కౌంటర్‌లో ఏం చేయాలి? మన వైపు బరిస్టాలకు సమగ్ర మార్గదర్శి

నార్కట్‌పల్లి, సూర్యాపేట, జడ్చర్ల, భూత్పూర్... హైవే మీద ఎక్కడ బండి ఆపినా ఇప్పుడొక కాఫీ మెషిన్ కనబడుతోంది. నల్గొండ, మహబూబ్‌నగర్ టౌన్లలో సరేసరి. డిగ్రీ చదువుతున్నవాళ్లు, అయిపోయి నోటిఫికేషన్ కోసం చూస్తున్నవాళ్లు వీటిలో బరిస్టాలుగా, అంటే కాఫీ చేసి ఇచ్చేవాళ్లుగా చేరుతున్నారు. మెషిన్ పని త్వరగానే వస్తుంది. కౌంటర్ అవతల నిలబడ్డ మనిషితో ఎలా మాట్లాడాలో మాత్రం ఎవరూ నేర్పరు. "నాతోని కాదన్నా" అని ఏప్రాన్ విప్పేసి వెళ్లిపోయేవాళ్లలో కాఫీ చేయడం రానివాళ్లు తక్కువ, తిట్లు పడలేనివాళ్లే ఎక్కువ.

నేను చూసినంతలో కౌంటర్ గొడవలు చాలావరకు కాఫీ తయారు కాకముందే మొదలవుతాయి. ధర, కప్పు సైజు, వేడి, పట్టే టైమ్. ఈ నాలుగింటి గురించి కస్టమర్ మనసులో ఒక లెక్క ఉంటుంది, మనం ఇంకో లెక్కలో ఇస్తాం. చాయ్ తాగి పెరిగిన ఊళ్లు మనవి. గ్లాసు చేతికిస్తే వేళ్లు కాలాలి, పైసలు చిల్లరలో ఐపోవాలి, నిమిషంలో రావాలి. అలాంటి మనిషికి 150 రూపాయల కాపుచినో గోరువెచ్చగా, పైన నురుగుతో, పది నిమిషాలకు ఇస్తే కోపం రాక ఏమొస్తుంది? అందుకే ఈ గైడ్‌లో ఎక్కువ భాగం గొడవ రాకముందు చేయాల్సిన పనుల గురించే ఉంటుంది. కాఫీతో సంబంధం లేకుండా గొడవ కోసమే వచ్చేవాళ్లు కొందరుంటారు. వాళ్లకు పద్ధతి వేరు, అది ఆరో మెట్టులో చెప్తాను.

మెట్టు 1: షట్టర్ ఎత్తగానే

ముందు కాఫీ బాగుండాలి. చెడిపోయిన కాఫీని ఎంత మర్యాదగా మాట్లాడినా కాపాడలేం. పొద్దున మొదటి షాట్ (మెషిన్ నుంచి ఒకసారి దిగే చిక్కటి కాఫీ) కస్టమర్‌కు ఇవ్వకండి, మీరే తాగండి. డబుల్ షాట్ అయితే 18 గ్రాముల పొడికి 25 నుంచి 30 సెకన్లలో 36 గ్రాముల దాకా కాఫీ దిగాలి. 15 సెకన్లకే జారిపోతే పొడి బరకగా ఉందన్నమాట, పుల్లగా తగులుతుంది. 40 సెకన్లు దాటితే పొడి మరీ మెత్తగా ఉన్నట్టు, చేదెక్కుతుంది. గ్రైండర్ కొంచెం కొంచెంగా తిప్పి సరిచేసుకోండి. మధ్యాహ్నం ఎండ ముదిరాక ఒకసారి, వాన పడితే ఒకసారి మళ్లీ రుచి చూడండి. పొద్దున సరిపోయిన సెట్టింగ్ సాయంత్రానికి సరిపోతుందని నమ్మకం లేదు.

నీళ్ల సంగతి నల్గొండ జిల్లాలో ప్రత్యేకంగా చెప్పుకోవాలి. మర్రిగూడ, మునుగోడు వైపు ఫ్లోరైడ్ ఎన్ని కుటుంబాల ఎముకలు వంచిందో ఇక్కడ తెలియనివాళ్లు లేరు. అందుకే పెద్దవాళ్లు ధర కన్నా ముందు "ఏం నీళ్లు వాడుతున్నరు బిడ్డా?" అని అడుగుతారు. అది వెటకారం కాదు, ముఖం మాడ్చుకోకండి. "ఫిల్టర్ నీళ్లే పెద్దమ్మా, గిటు చూడుండ్రి" అని ఫిల్టర్ చూపించండి, అక్కడితో అయిపోతుంది. అలాగని ఆర్‌ఓ ఫిల్టర్ పెట్టి టీడీఎస్ (నీళ్లలో కరిగిన ఖనిజాల లెక్క) అడుగంటా తగ్గిస్తే కాఫీ చప్పబడుతుంది. లీటరుకు 75 నుంచి 250 మిల్లీగ్రాముల మధ్య, వీలైతే 150 దగ్గర ఉండాలన్నది కాఫీ రంగంలో నడిచే లెక్క. టీడీఎస్ పెంచుదామని బోరు నీళ్లు మాత్రం కలపకండి, వదిలించుకున్న ఫ్లోరైడ్‌ను మళ్లీ పిలిచినట్టవుతుంది. ఖనిజాలు కలిపే కాట్రిడ్జ్ పెట్టమని ఓనర్‌కు చెప్పండి.

తర్వాత, మీ దగ్గరున్న కప్పులన్నీ ఒక్కొక్కటి ఖాళీగా కౌంటర్ మీద వరుసగా పెట్టండి. ఒక్కోదాని ముందు పేరు, ధర, ఎన్ని మిల్లీలీటర్లో తెలుగులో రాసిన చీటీ ఉండాలి. ఎస్‌ప్రెస్సో ముందు "చిన్నది, చిక్కటిది, పాలు ఉండవు" అని రాయండి. ఖర్చు లేని పని. "గింతే ఇస్తరా?" అన్న మాట సగానికి సగం తగ్గడం మీరే చూస్తారు. పైన వెలిగే ఇంగ్లిష్ మెనూ బోర్డు ఫొటోలకు బాగుంటుంది తప్ప, కళ్లద్దాలు ఇంట్లో మరిచిపోయి వచ్చిన రిటైర్డ్ టీచర్‌కు దానితో పనిలేదు.

లేని ఐటెమ్‌లు పొద్దునే కొట్టేయండి. సౌండ్ బాక్స్ చార్జింగ్, చిల్లర, బిల్ రోల్ చూసుకోండి.

మెట్టు 2: ఆర్డర్ తీసుకునేటప్పుడు

ఇక్కడ అర నిమిషం ఎక్కువ పెడితే తర్వాత పది నిమిషాల పంచాయితీ తప్పుతుంది. వేడిదా చల్లదా, చక్కెర ఎంత, ఇక్కడ తాగుతారా పార్సిలా అని అడగండి. పాలు కలిసేది ఏదైనా చెప్తే ఇంకో ప్రశ్న: "మామూలు వేడా, బాగా వేడి చెయ్యాల్నా?" అడిగిందంతా తిరిగి ఒకసారి చెప్పండి. ఎదుటివాళ్లు తల ఊపాకే బిల్లు కొట్టండి.

ఎస్‌ప్రెస్సో, అమెరికానో అడిగినవాళ్లకు ఒక మాట చెప్పడం మంచిది. బోర్డు మీద అన్నిటికన్నా తక్కువ ధర ఉన్నది చూసి ఎస్‌ప్రెస్సో చెప్పేవాళ్లు రోజూ ఉంటారు. "ఎస్‌ప్రెస్సో అంటే తెలుసా?" అని మాత్రం అడగొద్దు. వెనక లైన్‌లో పదిమంది వింటుంటే ఆ ప్రశ్న చెంపదెబ్బలా తగులుతుంది. చిన్న కప్పు చేతిలోకి తీసుకుని, "అన్నా, గీ కప్పుల వస్తది, పాలు ఉండయి, కొంచెం చేదుంటది. చెయ్యమంటరా?" అనండి. కావాలనుకున్నవాడు "చెయ్యి" అంటాడు. వద్దనుకున్నవాడు పరువు పోకుండా "అయితే పాలది చెయ్యి" అంటాడు.

కొడుకో కూతురో హైదరాబాద్ నుంచి వచ్చి తల్లిదండ్రులను కారులో తీసుకొస్తారు. పిల్లలు లాటే, ఫ్రాపే అంటూ గబగబా చెప్తుంటే తండ్రి పక్కన నిలబడి కప్పులు చూస్తుంటాడు. చివరికి మెల్లగా "చాయ్ లేదా బిడ్డా?" అంటాడు. మీ దగ్గర చాయ్ లేకపోవచ్చు. "ఇది కాఫీ షాప్ సార్" అని నవ్వితే ఆయన ఏమీ అనడు, ఆయన కొడుకు అంటాడు, గట్టిగానే అంటాడు. "చాయ్ లేదు కాకా, పాలెక్కువ పోసి, బాగా వేడిగ, చక్కెర కలిపి ఒకటి చేసిస్త. మన ఇంటి కాఫీ లెక్కనే ఉంటది" అంటే సరిపోతుంది. ఆయన మనసులో ఉన్న కాఫీ ఇన్‌స్టంట్ పొడి, మరిగిన పాలతో ఇంట్లో చేసేది. దానికి దగ్గరగా చేసివ్వడానికి మీ మెషిన్‌కు ఏ అడ్డమూ లేదు.

టైమ్ కూడా ముందే చెప్పండి, ఉన్నదానికన్నా రెండు నిమిషాలు కలిపి చెప్పండి. "ఐదు నిమిషాలు" అని పది చేస్తే తిడతారు, "పది" అని ఎనిమిదిలో ఇస్తే సంతోషపడతారు. బస్సు దిగి వచ్చినవాళ్లను "బస్సు ఎంతసేపు ఆగుతది?" అని అడగకుండా ఆర్డర్ తీసుకోవద్దు. పావుగంట ఆగే బస్సు, ముందు తొమ్మిది ఆర్డర్లు ఉంటే, "అక్కా, టైమ్ సరిపోదు, కోల్డ్ కాఫీ బాటిల్ ఉంది, ఇయ్యాల్నా?" అని చెప్పేయండి. పైసలు తీసుకున్నాక హారన్ కొడుతున్న బస్సుకు, మీ మెషిన్‌కు మధ్య ఆ మనిషిని నిలబెట్టొద్దు.

మెట్టు 3: కప్పు వెనక్కి తెచ్చిన మొదటి అర నిమిషం

చేతిలో పని ఆపండి. పాలు వేడి చేసే స్టీమ్ నడుస్తుంటే కట్టేయండి, ఆ చప్పుడులో ఎవరు మాట్లాడినా అరిచినట్టే ఉంటుంది, అరుపుకు అరుపు తోడవుతుంది. మొహం చూసి, మాట పూర్తయ్యేదాకా వినండి. మధ్యలో "లేదు సార్, అదేంటంటే" అని అందుకున్నారో, ఆయన మళ్లీ మొదటి నుంచి, ఇంకొంచెం గట్టిగా మొదలుపెడతాడు.

విన్నాక ఆయన మాటే ఆయనకు తిరిగి చెప్పండి: "చల్లగ అయిందా సార్? ఇటియ్యండి, చూస్త." ఆ తర్వాతే పరిష్కారం.

ఈ మాటలు నోటికి రానివ్వొద్దు: "అందరూ బాగుందనే అన్నరు." "మెషిన్ అట్లనే చేస్తది." "మీరే కదా అట్ల చెయ్యమన్నరు." "నాకేం తెల్వది, ఓనర్‌ను అడుగుండ్రి." నాలుగూ నిజమే అయి ఉండొచ్చు. విన్నవాడికి మాత్రం "తప్పు నీదే" అనే వినబడుతుంది.

పిలుపుల గురించి కొంచెం ఆగి చెప్పాలి. మన వైపు "నువ్వు" అన్నంత మాత్రాన అవమానం కాదు. ఊరి నుంచి వచ్చిన పెద్దాయన "ఏం పిల్లగా, గిదేం కాఫీ చేసినవ్?" అన్నాడంటే ఇంట్లో మనవడితో మాట్లాడినట్టే మాట్లాడుతున్నాడు. హైదరాబాద్‌లో పెరిగి ఇక్కడికి ఉద్యోగానికొచ్చిన కొత్త పిల్లలు దీన్ని తిట్టుగా తీసుకుని బిగుసుకుపోతారు. "చెప్పు తాతా, మళ్ల చేస్త" అంటే అక్కడే చల్లబడే మనిషి ఆయన. అదే మీ వయసువాడు వేలు చూపిస్తూ "ఏయ్" అంటే లెక్క వేరు. అప్పుడైనా మీ నోట "మీరు"ను జారనివ్వకండి. మీ గొంతు ఆయన గొంతుకన్నా ఒక మెట్టు కింద ఉండాలి. పక్క టేబుళ్లవాళ్లు అంతా చూస్తుంటారు, ఎవరి పక్షం మాట్లాడాలో వాళ్లు మీ గొంతును బట్టే తేల్చుకుంటారు.

ఉర్దూలో మాట్లాడేవాళ్లతో రెండు మాటలు ఉర్దూలోనే చెప్పండి. "దో మినట్ భాయ్, దూస్రా బనాతా హూఁ" అనడానికి భాష పూర్తిగా రానక్కర్లేదు.

మెట్టు 4: ఫిర్యాదు ఏమిటో బట్టి మందు

"చల్లగ ఉంది." రోజుకు ఎక్కువసార్లు వినబడేది ఇదే. బరిస్టా శిక్షణలో పాలు 60, 65 డిగ్రీల దాకా వేడి చేయమంటారు, పాలలోని తీపి అక్కడ బాగా తెలుస్తుంది కాబట్టి. 70 దాటితే మాడిన పాల వాసన మొదలవుతుంది, నురుగు కూడా విరిగిపోతుంది. పుస్తకం ప్రకారం మీరు చేసింది సరైనదే, మరిగే చాయ్ తాగే నాలుకకు మాత్రం అది చల్లారిపోయిన కాఫీ. ఇక్కడ పాఠం చెప్పకండి. కప్పులో వేడినీళ్లు పోసి వంపేసి, కొత్త పాలు 70 దగ్గరికి తీసుకెళ్లి మళ్లీ చేసివ్వండి. "నురుగు కొంచెం తగ్గుతది సార్, వేడిగ ఉంటది" అని ఒక మాట చెప్పండి. ఒకసారి స్టీమ్ చేసి మిగిలిన పాలను మళ్లీ స్టీమ్ చేయొద్దు, రుచీ పోతుంది, శుభ్రతా పోతుంది. కస్టమర్ తాగిన కప్పులోకి స్టీమ్ గొట్టం పెట్టే పని ఎవరు అడిగినా చేయొద్దు.

"సగం నురుగే ఉంది, నింపి ఇయ్యి." కాపుచినోకు నురుగు ఉండాల్సిందే. అయినా ధర కట్టిన మనిషికి కప్పు సగం ఖాళీగా కనబడుతోంది. వాదించకుండా కొంచెం వేడి పాలు పోయండి. మళ్లీ వస్తే లాటే చెప్పమనండి, అందులో నురుగు తక్కువ, పాలెక్కువ.

"చేదుగ ఉంది." రెండు రకాలుగా చూడాలి. మీ షాట్ మాడిందేమో ముందు చూసుకోండి, మిగిలిన చుక్క నాలుకకు రాసుకుంటే తెలిసిపోతుంది. మాడితే కొత్తది చేయాలి, వేరే మాట లేదు. షాట్ బాగుంటే ఆయనకు కాఫీ చేదు అలవాటు లేదని అర్థం. చక్కెర, పాలు కలిపి ఇవ్వండి. చల్లని కాఫీలో చక్కెర గింజలు కరగవు, సిరప్ గానీ కరిగించిన చక్కెర నీళ్లు గానీ వేయండి.

"పుల్లగ ఉంది, పాలు విరిగినయా?" చాలాసార్లు షాట్ తొందరగా దిగడం వల్లే ఇది. అయినా పాల డబ్బా వాసన చూడకుండా "విరగలేదు" అనొద్దు. మే నెల నల్గొండ ఎండలో ఫ్రిజ్ తలుపు పదే పదే తీస్తుంటే పాలకు ఏమైనా కావొచ్చు.

ఈగో, వెంట్రుకో వచ్చిందంటే అన్నిటికన్నా జాగ్రత్త. ఆ కప్పు లాక్కుని సింక్‌లో పారబోయకండి, సాక్ష్యం దాచినట్టుంటుంది. "తప్పు మాదే, క్షమించండి" అనండి, పైసలు వాపస్ ఇవ్వండి, కప్పు పక్కన పెట్టి ఓనర్‌కు చూపించండి. అదే పాల డబ్బా నుంచి ఇంకెవరికైనా వెళ్లిందేమో చూడండి. చక్కెర వద్దన్న షుగర్ పేషెంట్‌కు చక్కెర వేశారని తెలిస్తే దాచొద్దు, వెంటనే చెప్పేయండి. నట్స్ పడవన్నవాళ్లకు హేజల్‌నట్ సిరప్ చుక్క తగిలినా అంతే. ఇలాంటి చోట్ల అబద్ధం ఆడితే సంగతి ఆస్పత్రి దాకా పోతుంది.

మళ్లీ చేయడానికి వెనకాడే ఓనర్లకు లెక్క చూపించండి. గింజలు కిలో 1,000 రూపాయలు అనుకుంటే 18 గ్రాములకు 18 రూపాయలు. పాలు లీటరు 70 అనుకుంటే 150 మిల్లీలీటర్లకు పది రూపాయల చిల్లర. మొత్తం 30 రూపాయల లోపు. దానికోసం లైన్ మొత్తం ఆపి పావుగంట వాదించడం ఏ వ్యాపారమో నాకర్థం కాదు. అయితే కప్పంతా తాగేసి, అడుగున ఒక గుటక మిగిల్చి "బాలేదు, ఇంకోటియ్యి" అనేవాళ్లకు ఇది వర్తించదు. "మొదటి గుటకలనే చెప్తే మళ్ల చేసిచ్చేటోణ్ని సార్. ఈసారి ముందే చెప్పుండ్రి" అని నవ్వుతూ చెప్పి పక్క ఆర్డర్‌కు వెళ్లండి.

మెట్టు 5: పైసల పంచాయితీ

ఫోన్‌లో పైసలు కట్ అయ్యాయి, మన సౌండ్ బాక్స్ మాత్రం పలకలేదు. కస్టమర్ స్క్రీన్ చూపించి "పోయినయి కదా" అంటాడు. స్క్రీన్‌షాట్లు దొంగవి కూడా వస్తున్నాయి కాబట్టి ఎదుటివాళ్ల ఫోన్ చూసి నిర్ణయించొద్దు, మన మర్చంట్ యాప్‌లో పడిందా లేదా అన్నదే లెక్క. ఆ మాట చెప్పే తీరులోనే ఉంది విషయం. "మీరు అబద్ధం చెప్తున్నరని కాదన్నా, మా దాంట్ల ఇంక పడలే. ఒక్క నిమిషం చూద్దాం" అనండి. 12 అంకెల రిఫరెన్స్ నంబర్ రాసుకోండి. దుకాణానికి చేసిన యూపీఐ చెల్లింపు మనకు చేరకపోతే ఐదు రోజుల్లోపు కస్టమర్ ఖాతాలోకి తిరిగి రావాలని, ఆలస్యమైతే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలని రిజర్వ్ బ్యాంక్ 2019లో నియమం పెట్టింది. ఇది చెప్తే చాలామందికి టెన్షన్ తగ్గుతుంది. వెంటనే రెండోసారి కట్టమని పట్టుబట్టాలా, నంబర్ రాసుకుని పంపించాలా అన్నది ఓనర్ ముందే తేల్చి చెప్పాలి. గొడవ మధ్యలో ఫోన్ చేసి అడిగే సంగతి కాదు.

బిల్లులో సర్వీస్ చార్జ్ ఉంటే కస్టమర్ తీసేయమని అడగొచ్చు, అది ఇష్టమైతేనే ఇచ్చేది. కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జులైలో ఈ మార్గదర్శకాలు ఇచ్చింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. కాబట్టి "కంపల్సరీ సార్" అని అబద్ధం చెప్పి ఇరుక్కోవద్దు. జీఎస్టీ వేరు, మామూలు కాఫీ షాపులకు 5 శాతం. ఓనర్ కాంపొజిషన్ స్కీమ్‌లో (చిన్న వ్యాపారులకు ఉండే తేలిక పన్ను పద్ధతి) ఉంటే అసలు కస్టమర్ దగ్గర జీఎస్టీ వసూలు చేయకూడదు, ఇది ఆయన్ని అడిగి తెలుసుకోండి.

నీళ్ల సీసా ఇంకో గొడవ. కూర్చోబెట్టి వడ్డించే హోటళ్లు ఎంఆర్‌పీ కన్నా ఎక్కువ తీసుకోవచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పిన మాట నిజమే. నా సలహా మాత్రం, హైవే కౌంటర్‌లో సీసా చేతికిచ్చి పంపేటప్పుడు ఎంఆర్‌పీకే ఇవ్వండి. ఐదు రూపాయల కోసం తీర్పులు చదివి వినిపించే ఓపిక ఎవరికుంది? 1915కు ఫోన్ చేస్తానని ఎవరైనా అంటే అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, వాళ్ల హక్కు. "చేస్కోండి" అని రెచ్చగొట్టకుండా బిల్లు ఇచ్చి పంపండి.

నలుగురొచ్చి రెండు కాఫీలు చెప్పి ఖాళీ కప్పులు అడిగితే ఇచ్చేయండి. వన్ బై టూ మన అలవాటు, దాన్ని అవమానించి సాధించేదేమీ లేదు.

మెట్టు 6: గొడవ కాఫీది కానప్పుడు

"నేనెవరో తెలుసా?" అనే మనిషికి కాఫీ కన్నా గుర్తింపు ముఖ్యం. "తెల్వదు" అన్నా తప్పే, గజగజ వణికినా తప్పే. "కూసోండి సార్, మీ నంబర్ రాంగనే నేనే తెచ్చిస్త" అంటే మర్యాద దక్కింది, లైన్ మాత్రం తప్పలేదు. వెనక నిలబడ్డవాళ్లను దాటించి ఒకరికిచ్చారంటే పదిమంది శత్రువులవుతారు.

ఫోన్ తీసి వీడియో మొదలుపెడితే చేయి అడ్డం పెట్టకండి, ఫోన్ లాక్కోకండి. వీడియోలో మిగిలేది మీ చేయి మాత్రమే. అదే గొంతుతో, అదే "సార్"తో, ఏం పరిష్కారం ఇస్తున్నారో కెమెరాకు వినబడేలా చెప్పండి.

తాగి వచ్చినవాళ్లతో తర్కం పనిచేయదు. పొట్టి మాటలు, నెమ్మది గొంతు. వాళ్ల వెంట వచ్చినవాళ్లలో తెలివిగా ఉన్నవాడిని చూసి అతనితో మాట్లాడండి. వేడి పాల జగ్గు చేతిలో ఉంటే ముందు కింద పెట్టండి. కౌంటర్ దాటి బయటికి రావొద్దు.

బూతు మొదలైతే ఒక్కసారి హెచ్చరించండి: "సార్, కాఫీ మళ్ల చేసిస్త. తిడితే మాత్రం చెయ్యలేను." ఆగకపోతే పైసలు వాపస్ ఇచ్చి వెళ్లమనండి. చేయి లేస్తే 112కు ఫోన్. ఓనర్ వచ్చేదాకా ఆగాల్సిన పనిలేదు.

అమ్మాయిలకు ఎదురయ్యేవి ఇంకో రకం. కప్పు అందుకుంటూ వేళ్లు తాకించడం, "నీ నంబర్ రాసియ్యి" అనడం, షిఫ్ట్ అయిపోయే టైమ్‌కు బండి మీద బయట నిలబడటం. కప్పును చేతికివ్వకుండా కౌంటర్ మీద పెట్టి జరపండి, అందరికీ అలాగే చేస్తే ఎవరూ వేలెత్తి చూపరు. సొంత ఫోన్‌కు లింక్ అయిన క్యూఆర్‌తో దుకాణం పైసలు తీసుకోవద్దు, పేరు, కొన్నిసార్లు నంబర్ కూడా అవతలివాళ్ల స్క్రీన్ మీద కనబడతాయి. తోటివాళ్లతో ఒక గుర్తు మాట పెట్టుకోండి. "వెనక పాలు చూడు" అంటే "నా బదులు నువ్వు కౌంటర్‌కు రా" అని అర్థం. రెండు మూడు రోజులు అదే మనిషి కనబడితే టైమ్ రాసిపెట్టుకోండి, సీసీ కెమెరా ఫుటేజీ చెరిగిపోకముందే తీసి పెట్టమనండి, పోలీసుల షీ టీమ్‌కు చెప్పండి. పని చేసే చోట లైంగిక వేధింపులపై 2013 చట్టం కస్టమర్ చేసిన వేధింపులకూ వర్తిస్తుంది. దుకాణంలో పదిమంది కన్నా తక్కువ పనిచేస్తున్నా జిల్లా స్థాయిలో ఉండే స్థానిక కమిటీకి ఫిర్యాదు ఇవ్వొచ్చు. మామూలుగా మూడు నెలల లోపు ఇవ్వాలి. "మంచి కస్టమర్, రోజూ వస్తడు, సర్దుకుపో" అని సలహా ఇచ్చే ఓనర్ దగ్గర ఎక్కువ రోజులు ఉండకపోవడమే మేలు.

మెట్టు 7: జనం విరగబడే రోజులు

సంక్రాంతి ముందు రోజుల్లో హైదరాబాద్ మొత్తం విజయవాడ రోడ్డు ఎక్కుతుంది, పంతంగి టోల్ దగ్గర ఇరుక్కుని విసిగిపోయినవాళ్లే చిట్యాల, నార్కట్‌పల్లిలో మన ముందు దిగుతారు. నాగార్జునసాగర్ గేట్లు ఎత్తారన్న వార్త వస్తే ఆ వారాంతం సాగర్ రోడ్డు కూడా అంతే. అలాంటి రోజు మెనూ కుదించండి. వేడివి మూడు, చల్లవి రెండు చాలు. ఒకరు బిల్లుకు, ఒకరు మెషిన్‌కు, ఒకరు పేరు పిలిచి అందించడానికి. ఫుడ్ యాప్ డెలివరీ ఆర్డర్లు ఆ కాసేపు ఆపేయమనండి. లైన్‌లో నిలబడ్డవాళ్ల కళ్లముందు నాలుగు కప్పులు చేసి డెలివరీ అబ్బాయికిస్తే తిట్లు తప్పవు.

కరెంటు పోయి వస్తే మెషిన్ మళ్లీ వేడెక్కడానికి 20, 30 నిమిషాలు పట్టొచ్చు. వెలుగు రాగానే "వచ్చింది కదా, చెయ్యి" అంటారు. అప్పుడు తొందరపడి చేసిన కాఫీ పుల్లగా, చల్లగా ఉంటుంది, మళ్లీ నాలుగో మెట్టుకే వస్తారు. మెషిన్ మీది ప్రెషర్ గేజ్ చూపించి, ఆగలేనివాళ్లకు పైసలు వాపస్ ఇచ్చేయండి.

మెట్టు 8: వాళ్లు వెళ్లాక

గొడవ అయిన వెంటనే ఇంకో కస్టమర్ ఎదురుగా ఉంటాడు. వీలైతే రెండు నిమిషాలు వెనక్కి వెళ్లి నీళ్లు తాగి రండి, కౌంటర్‌లో తోటివాళ్లు నిలబడతారు. పాత కోపంతో "ఏం కావాలె?" అన్నారంటే కొత్త గొడవ మీరే మొదలుపెట్టినట్టు.

కౌంటర్ కింద ఒక నోటుబుక్ పెట్టండి. టైమ్, ఆర్డర్, ఏమన్నారు, ఏం చేశాం. పేజీలు నిండుతుంటే ఒకే రకం ఫిర్యాదులు పైకి తేలతాయి. "చల్లగ" అన్నవన్నీ సాయంత్రమే వస్తే కప్పులు పెట్టే చోట ఏసీ గాలి తగులుతోందేమో చూడండి. "లేటు" అన్నవి ఒకరి షిఫ్ట్‌లోనే వస్తే ఆ పిల్లాడికి సాయం కావాలి.

ఓనర్లకు ఒక మాట. కప్పు మళ్లీ చేయడానికి, ఒక బిల్లు మాఫీ చేయడానికి కౌంటర్‌లో ఉన్నవాళ్లకే అధికారం ఇవ్వండి. ఆ ఖర్చు జీతంలో కోస్తే వాళ్లు ప్రతి ఫిర్యాదునూ తమ జేబు మీద దాడిగా చూసి కస్టమర్‌తో కొట్లాడతారు, నష్టం మీకే.

ఆన్‌లైన్‌లో ఒక స్టార్ ఇచ్చి తిట్టినవాళ్లకు జవాబు అదే రాత్రి రాయొద్దు, పొద్దున రాయండి. మూడు వాక్యాలు చాలు: "ఆదివారం సాయంత్రం మీకిచ్చిన కాఫీ చల్లగా ఉందని రాశారు, క్షమించండి. ఆ టైమ్‌లో రద్దీ ఎక్కువై కప్పులు వేడి చేయకుండా ఇచ్చాం, ఇప్పుడు సరిచేశాం. ఈసారి వచ్చినప్పుడు 'బాగా వేడి' అని చెప్పండి, అలాగే చేసిస్తాం." నిజంగా సరిచేసి ఉంటేనే రెండో వాక్యం రాయాలి. స్టార్ మార్చమని బతిమాలడం, ఫ్రీ కాఫీ ఇస్తామని ఆశ చూపడం వద్దు. అది చదివిన తర్వాతి కస్టమర్ కప్పు చేతికి రాగానే ఫోన్ బయటికి తీస్తాడు.